నా కొలత తప్పదు

ఫిబ్రవరి 9

కారు మార్చాలి. మా ఆవిడ అడగలేదు, నేనే అన్నాను. తను నా వంక ఒకసారి చూసి మళ్ళీ ఉల్లిపాయలు తరగడంలో పడిపోయింది.

ఈ పుస్తకంలో ముందు వైపు కస్టమర్ల వంటిళ్ళ కొలతలున్నాయి. ఎవరి గోడ ఎంత పొడుగు, ఎవరి స్టవ్వు మీద ఎంత ఖాళీ, అన్నీ. వంటింటి కప్‌బోర్డులు చేసేవాడికి ఇంతకు మించిన ఆస్తి లేదు. ఇది మాత్రం వెనక పేజీ నుంచి రాస్తున్నాను. పొరపాటున ఎవరైనా తెరిచినా ప్లైవుడ్ కొలతలు చూసి మూసేస్తారు.

నిన్న జరిగింది ఒక్కసారి రాసేస్తే మళ్ళీ తలుచుకోనక్కర్లేదు. ఇద్దరం సైకిలు ప్రాక్టీసుకి వెళుతున్నాం. దారిలో స్క్రూల కోసం హార్డ్‌వేర్ షాపు దగ్గర ఆగాలనుకున్నాను. పార్కింగు కింద సెల్లారులో. ఎత్తు బళ్ళు రాకుండా సెల్లారులోకి దిగే చోట అడ్డంగా ఒక ఇనుప కమ్మీ బిగించారు. మా కారు టాప్ మీద క్యారియర్, క్యారియర్ మీద తన సైకిలు. పైన సైకిలుందని మరిచిపోయాను. అంతే. తను వంగి షూ లేసులు కట్టుకుంటోంది, చూడలేదు. టాప్ మీద సైకిళ్ళు కట్టుకు తిరిగేవాళ్ళలో సగం మంది జన్మలో ఒకసారైనా ఈ పని చేస్తారు. మా క్లబ్బులో ఎవరినడిగినా చెబుతారు.

నా సైకిలు నిన్న పైన లేదు. బ్రేకు రబ్బర్లు అరిగాయని ఇంట్లో వదిలేశాను. తను తొక్కుతుంటే వెనక కారులో వెళ్ళి టైము చూద్దామనుకున్నాను. అదృష్టం, లేకపోతే రెండూ పోయేవి.

తను ఏడవలేదు. దిగి, కింద పడ్డ చిన్న గంటని ఏరుకుని జేబులో వేసుకుంది. ఆ సైకిలు ఫ్రేమ్‌ని వాళ్ళ తమ్ముడు తన ఒంటి కొలతలు తీసి, గొట్టం గొట్టం కోసి, అతికించి చేశాడు. వాడు చేసిన ఆఖరి ఫ్రేమ్ అది. ఆ తర్వాత వాడి చేతులకి వణుకు వచ్చింది.

అందుకే కారు మార్చాలి. ఇక మీదట సైకిళ్ళు పైన కాదు, లోపల.

ఫిబ్రవరి 10

తను ఇవాళ కూడా మాట్లాడలేదు. ఉప్పు అందుకోమంది. అది మాట కిందికి రాదు.

ఫిబ్రవరి 13

నాక్కావలసింది ఎస్టేట్ కారు. మామూలు కారుకి వెనకాల ఒక గది కట్టినట్టుంటుంది. సీట్లు పడుకోబెడితే డిక్కీ ముందు సీట్ల దాకా వస్తుంది. అందులో రెండు సైకిళ్ళు పట్టాలి. అయితే పట్టడం ఒక్కటే చాలదు. మలుపులో రోడ్డుని పట్టుకోవాలి, స్టీరింగు వేలి మాట వినాలి, కాలు అలా ఆనిస్తే చాలు వీపు సీటుకి అతుక్కుపోవాలి. నలభై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంకెప్పుడు నడుపుతాను అలాంటి బండి?

తను నోరు విప్పింది.

"వ్యాన్ తీసుకుంటే సరిపోతుందిగా. తలుపు తీసి తోసేయడమే."

"వారమంతా వ్యానే తోలుతున్నాను. ఆదివారం కూడా వ్యానేనా? వ్యాన్‌లో పరుపులు మోస్తారు."

"సైకిళ్ళ కోసమా కారు, నీ కోసమా?"

"ఇద్దరి కోసం."

"ఊఁ" అంది. ఆ ఊఁ అనడంలో తను ఆరితేరింది. రోజుకి వంద మంది చేతులు పట్టుకుని నరం వెతికి రక్తం తీసే మనిషి. సూది దిగాక "అయిపోయింది" అంటుంది చూడండి, సరిగ్గా ఆ గొంతు. చూడండి అని ఎవరికి రాస్తున్నానో.

పోయినేడు కొండ పందెం సంగతి కూడా రాయాలి. మా సైకిల్ క్లబ్బు ఏటా మార్చి ఆఖరి ఆదివారం పెడుతుంది. కొండ ఎక్కి, అవతల వైపు దిగాలి. తను నాకంటే నాలుగు నిమిషాల ముందు దిగింది. నాలుగు నిమిషాలంటే తను నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, నలుగురితో ఫొటో దిగాక నేను చేరుకున్నాను. క్లబ్బు అధ్యక్షుడు పళ్ళ డాక్టరు మైకులో "వీరు ఆవిడ గారి భర్త" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తనకి సైకిలు నేర్పింది నేను. మా ఇద్దరిదీ ఒకే ఎత్తు. పెళ్ళయిన కొత్తలో ఉన్న ఒక్క సైకిల్నీ వంతులేసుకుని తొక్కేవాళ్ళం, సీటు కూడా సర్దుకోనక్కర్లేదు.

దానికీ దీనికీ సంబంధం లేదు. ఊరికే రాశాను.

ఫిబ్రవరి 17

మొదటి షోరూమ్. బూడిద రంగు బండి. అమ్మేవాడు మెడకి టై బిగించుకుని, ఊపిరాడక కళ్ళు తేలేస్తున్నట్టున్నాడు. డిక్కీ తెరిచి చెయ్యి చాపాడు.

"అయిదు వందల అరవై లీటర్లు సార్. సీట్లు పడుకోబెడితే పదహారు వందలు."

"సైకిల్ని కరిగించి పోస్తారా లోపల?" అన్నాను.

తను మొహం తిప్పుకుంది. నవ్వుకుందేమో అనిపించింది. అద్దంలో చూశాను, నవ్వలేదు.

టేపు తీసి కొలిచాను. చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు మీటరు. కంపెనీ కాగితంలో మీటరు మీద రెండు సెంటీమీటర్లని వేశారు. టైగాడికి చూపించాను. "పైన కార్పెట్టు మందం సార్" అని నసిగాడు. కార్పెట్టు రెండు పక్కలా కలిపి ఎనిమిది మిల్లీమీటర్లు, మిగతా పన్నెండూ ఎవడు తిన్నాడు? వాడి మేనేజరు వచ్చాడు, వాడికీ చూపించాను. పదహారేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను, ఒక్క తలుపుకీ మళ్ళీ చిత్రిక పట్టాల్సి రాలేదు. నా కొలత తప్పదు.

బండి మాత్రం మలుపులో ఎద్దులా మొరాయించింది. వద్దన్నాను.

ఫిబ్రవరి 18

బావమరిది షెడ్డుకి వెళ్ళాం. తన సైకిలు ఇనుప బల్ల మీద పడి ఉంది. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు విరిగిపోయింది, అది కొత్తది కొనుక్కోవచ్చు. వెనక భాగం పక్కకి మెలిపడింది. వాడు దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

"గొట్టాలు చిట్లలేదక్కా. వంగాయంతే. లాగితే వస్తాయి."

"వస్తే లాగు మరి" అంది తను.

వాడు చేతులు చాపి చూపించాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడివి ఆ చేతులు, గాలికి కాగితాల్లా కొట్టుకుంటున్నాయి. అప్పుడు తను నా వైపు తిరిగింది. పది రోజుల తర్వాత నా కళ్ళలోకి చూడటం అదే.

"నీ చేతులు కావాలి. వాడు చెబుతాడు, నువ్వు చెయ్యి."

సరేనన్నాను. ఎలా కాదంటాను?

టీ నేను పోశాను. వాడికి గ్లాసు సగమే నింపాలి, ఇంట్లో అందరికీ తెలుసు. మరిచిపోయి అంచు దాకా పోశాను. వాడి ప్యాంటంతా తడిసింది. తను గబగబా గుడ్డ తెచ్చి తుడుస్తూ నన్నేమీ అనలేదు. వాడే "పర్లేదు బావా, చల్లగానే ఉంది" అన్నాడు. పొగలు కక్కుతోంది.

ఫిబ్రవరి 21

హార్డ్‌వేర్ షాపు వైపు వెళ్ళాల్సి వచ్చింది. కమ్మీకి మా సైకిలు రంగు అంటుకుని ఉంది, తుడవలేదు. పక్కన బోర్డు: ఎత్తు 2.10 మీటర్లు. అసలు 2.13 ఉంటుంది. షాపు తెరిచిన కొత్తలోనే టేపు పెట్టి చూశాను, బోర్డులు రాసేవాళ్ళెప్పుడూ కాస్త తగ్గించే రాస్తారు. క్యారియర్ మీద సైకిలుతో మా కారు 2.54.

ఇది నాకు ముందే తెలిసినట్టు రాశాను. తెలిసి ఉండటం వేరు, ఆ క్షణంలో గుర్తుండటం వేరు.

కమ్మీ కనబడింది. కనబడ్డాక బ్రేకు మీదికి కాలు పోవాలి. పోలేదు. తను వంగి లేసులు కట్టుకుంటూ, "ఈసారి ఎనిమిది నిమిషాలు ముందు దిగుతాను చూడు" అంటోంది.

పై పేరా కొట్టేయాలి. పెన్సిలైతే చెరిపేసేవాణ్ణి.

ఫిబ్రవరి 25

దొరికింది. నీలం రంగు. కింద నేలకి ఆనుకున్నట్టుంటుంది, వెనక టాప్ ఏటవాలుగా జారుతుంది. డిక్కీలో చక్రాల గూళ్ళ మధ్య మీటరు మీద నాలుగు. సైకిళ్ళ ముందు చక్రాలు విప్పి, ఒకదానికొకటి తలకిందులుగా పెడితే రెండూ పడతాయి. ఒక్క అంగుళం మిగులుతుంది. ఇక్కడి టైగాడి పుస్తకంలోనే బొమ్మ గీసి చూపించాను.

టెస్ట్ డ్రైవ్‌కి బావమరిదిని కూడా రమ్మన్నాను. వాడికి కార్లంటే మహా ఇష్టం, ఇప్పుడు నడపలేడు పాపం. వాడూ తనూ వెనక, టైగాడు నా పక్కన. ఊరవతల చెరుకు బళ్ళు నడిచే రోడ్డు ఒకటుంది, దాని తర్వాత కొండ కింది మలుపులు. మొదటి మలుపులోనే తెలిసిపోయింది. నేను అనుకోవడమే ఆలస్యం, బండి తిరిగేస్తోంది. రెండో మలుపులో టైగాడు పైన పిడి పట్టుకున్నాడు. మూడో దాంట్లో మాట ఆపేశాడు. ఎన్నేళ్ళయిందో ఒంట్లో అంత హుషారు పుట్టి.

"బావా, కాస్త మెల్లగా" అన్నాడు వాడు వెనక నుంచి.

"ఇంకో రెండే మలుపులు."

ఏడున్నాయి. నాకు తెలుసు. అయిదో దాని దగ్గర వాడు కిటికీ అద్దం దించబోయాడు, వేళ్ళు మీట మీద నిలవలేదు. తను వాడి మీదుగా వంగి దించేలోపే వాంతి అయిపోయింది. కొత్త సీటు. టైగాడి మొహం చూడాలి! వాడు తడబడుతూ సారీలు చెబుతుంటే నాకు నవ్వాగలేదు. నవ్వానని తనకి కనబడిందో లేదో.

తిరుగు దారిలో తను నడిపింది. అవే మలుపులు. వాడు ముందు సీట్లో కళ్ళు మూసుకుని నిద్రపోయాడు. వేగం చూశాను, నాకంటే తక్కువేం కాదు.

"బాగుంది బండి" అంది దిగుతూ.

మొదటి మంచి మాట. బుక్ చేసేశాను.

మార్చి 2

ఇవాళ ఫ్రేమ్ సరిచేశాం. తను డ్యూటీలో ఉంది. షెడ్డులో వాడూ నేనూ.

ఫ్రేమ్ వంకర ఉందో లేదో చూడటానికి వాళ్ళ పద్ధతి చాలా తేలిక. వెనక చక్రం బిగించే రెండు కొసలున్నాయి కదా, ఒక కొసకి దారం ముడేసి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొసకి లాగి కడతారు. దారం సీటు కింది గొట్టానికి రెండు పక్కలా వెళుతుంది. గొట్టానికీ దారానికీ మధ్య ఎడమవైపు ఎంత ఖాళీ, కుడివైపు ఎంత ఖాళీ, అంతే. రెండూ సమానమైతే ఫ్రేమ్ తిన్నగా ఉన్నట్టు. నాకు నచ్చింది. మిషన్లక్కర్లేదు, దారమూ టేపూ చాలు.

మొదట చూస్తే ఒక పక్క ముప్పై అయిదు, ఇంకో పక్క ఇరవై మూడు. వెనక కొసల మధ్య పొడుగాటి పైపు దూర్చి నేను లాగుతున్నాను. వాడు ఫ్రేమ్ మీద అరచెయ్యి ఆనించి "ఇంకొంచెం... ఆగాగు... ఇనుము మాట వినిపిస్తోంది బావా, ఇప్పుడు వదులు" అంటున్నాడు. వాడి చెయ్యి ఇనుము మీద ఉన్నంతసేపూ వణకలేదు. నాకు ఎందుకో చిరాకేసింది.

మూడు గంటలు పట్టింది. ముప్పై మూడు, ఇరవై అయిదు. ముప్పై రెండు, ఇరవై ఆరు. వాడు స్కేలు తీసుకుని చూడబోయాడు, స్కేలు గొట్టానికి టకటకా కొట్టుకుంది. దాన్ని నాకిచ్చేశాడు.

"నువ్వే చూడు బావా. నీ కొలతకి తిరుగేముంది?"

ఎడమ ముప్పై ఒకటి. కుడి ఇరవై ఏడు.

ఇంకొక్క లాగు, మహా అయితే రెండు.

"ఇరవై తొమ్మిది" అన్నాను. స్కేలు రెండో పక్కకి తిప్పాను. "ఇరవై తొమ్మిది."

"నిజంగా?"

"ఎప్పుడైనా తప్పానా?"

వాడు బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. తర్వాత నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. వాడి చేతుల్లో నా చేతులు కూడా వణికాయి. "అక్కకి మళ్ళీ ప్రాణం పోశావు బావా" అన్నాడు.

మార్చి 3

వాడు బాగా అలిసిపోయాడు నిన్న. పెదాలు తెల్లబడ్డాయి. ఇంకోసారి లాగుదామంటే వాడు పడిపోయేవాడే. వాడి మీద జాలితో ఆపాను. నాలుగు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. సైకిలు కంపెనీలవాళ్ళు ఇంతకన్నా వంకర ఫ్రేములు అమ్ముతున్నారు.

మార్చి 5

రంగు ఆరింది. కొత్త ఫోర్కు పెట్టాడు. తను షెడ్డులో సైకిల్ని ముద్దు పెట్టుకుంది. తర్వాత తమ్ముణ్ణి. తర్వాత కొంచెం ఆగి, నన్ను.

మార్చి 12

ఈ వారమంతా తను పొద్దున్నే వెళుతోంది. ఇవాళ వచ్చి హెల్మెట్ తీస్తూ అంది.

"చేతులు వదిలితే ఎడమకి లాగుతోంది."

"రోడ్డు వాలు."

"తిరిగొచ్చేటప్పుడు కూడా ఎడమకే లాగింది."

"కొత్త ఫోర్కు కదా, సర్దుకుంటుంది."

"నువ్వే కొలిచావు కదా?"

"నేనే."

"అయితే సరే" అంది. నా మాట మీద అంత నమ్మకం. హాయిగా అనిపించాలి నిజానికి.

మార్చి 14

పడింది. ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు చక్రం అల్లల్లాడిందట. మోచెయ్యి దోక్కుపోయింది, తుంటి దగ్గర నల్లగా కమిలింది. డెట్టాల్‌తో నేనే కడిగాను. చురుక్కుమంటే పళ్ళ బిగువున ఓర్చుకుంది.

"నాకు దిగడం చేతకావట్లేదేమో. భయం పట్టుకుందేమో ఆ రోజు నుంచి" అంది.

నేను దూది మార్చాను.

"వయసు కూడా వచ్చింది మరి. ఈ ఏడు పందెం వదిలెయ్, పైనుంచి ఫొటోలు తియ్యి" అన్నాను. మెల్లగానే అన్నాను. తను తల ఊపింది. తను అలా తల ఊపడం ఈ పద్దెనిమిదేళ్ళలో చూడలేదు. నాకు సంతోషమేసిందని ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

మార్చి 15

చెప్పేస్తాను. ఇంకో లాగు లాగితే చాలు, పదిహేను నిమిషాల పని. రేపు చెబుతాను.

మార్చి 16

రేపు.

మార్చి 17

రేపు కారు వస్తోంది. ఇవాళ వద్దు, పండగలాంటి రోజు ముందు.

మార్చి 18

వచ్చింది. నీలం. ఒక్కణ్ణే రెండు గంటలు తిప్పాను. కొండ మలుపులు ఏడూ రెండుసార్లు. స్టీరింగు తిప్పుతుంటే బుర్రలో ఇంకేమీ ఉండదు, ఆ సుఖం కోసమైనా కొనాలి. ఇంటికొచ్చాక రెండు సైకిళ్ళూ పెట్టి చూశాను. ఒక్క అంగుళం మిగిలింది. ముందే చెప్పాను.

తను మేడ మీంచి చూస్తోంది. చెయ్యి ఊపాను. తనూ ఊపింది.

మార్చి 20

టేపు కనబడలేదు. కస్టమరు ఇంట్లో చేతులూపుకుంటూ నిలబడాల్సి వచ్చింది. సాయంత్రం తను బ్యాగులోంచి తీసి ఇచ్చింది.

"ఎందుకు తీశావు?"

"కర్టెన్లకి."

మా ఇంట్లో కర్టెన్లు లేవు. ఇక మీద పెడుతుంది కాబోలు.

మార్చి 21

బావమరిది ఫోను ఎత్తడం లేదు. తనని అడిగితే "ఒంట్లో బాగాలేదు వాడికి" అంది. ఆ వణుకు ఎక్కువయ్యుంటుంది.

మార్చి 22

తనే అంది: "రేపు కొండకి వెళ్దాం. పందెం ఇంకో వారమేగా. రెండు సైకిళ్ళూ పెట్టు. నీ కారెలా ఎక్కుతుందో చూస్తాను."

నీ కారు అంది. మన కారు అనలేదు. అయినా ఉత్సాహంగానే అంది.

మార్చి 23, కొండ మీద

కారులో కూర్చుని రాస్తున్నాను. ఈ పుస్తకం ఎప్పుడూ డ్యాష్‌బోర్డులోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండవుతోంది. వరసగా రాస్తాను, లేకపోతే గజిబిజి అయిపోతుంది.

పొద్దున్న రోడ్డు ఖాళీ. బండి అద్భుతంగా వచ్చింది. తను కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని, కట్టు ఇంకా ఉంది దానికి, గాలి మొహాన కొట్టించుకుంటూ కూర్చుంది. నాలుగో మలుపులో "ఇంకొంచెం వేగం పట్టు" అంది కూడా. పద్దెనిమిదేళ్ళ క్రితం సైకిలు వెనక క్యారియర్ మీద కూర్చుని అదే మాట అనేది. చెప్పేద్దాం, కిందికి వెళ్ళగానే షెడ్డుకి వెళ్ళి లాగేద్దాం అని నిజంగానే అనుకున్నాను. ఇది అబద్ధం కాదు.

పైన ఆపాం. డిక్కీ తీసి రెండు సైకిళ్ళూ దించి చక్రాలు బిగించింది. నా సైకిలు హ్యాండిల్‌కి ఏదో బిగిస్తోంది. చూస్తే ఆ చిన్న గంట. తన సైకిలుది.

"దానికెందుకు?" అన్నాను.

"ఇవాళ మార్చుకుందాం. నువ్వు నాది తొక్కు, నేను నీది. పెళ్ళయిన కొత్తలోలాగా."

తన సైకిల్ని తోసుకొచ్చి నా చేతికి ఆనించింది. కింద రోడ్డు మెలికలు తిరుగుతూ కనబడుతోంది. ఆరు కిలోమీటర్ల వాలు, పక్కన పిట్టగోడ కూడా లేదు.

"నాకు మోకాలు నొప్పిగా ఉంది" అన్నాను.

"పొద్దున్న లేదుగా."

"ఇప్పుడే పట్టింది."

"ఊఁ" అంది. జేబులోంచి దారం ఉండ తీసి కారు బానెట్ మీద పెట్టింది. ఇక దాచేదేమీ లేదన్నట్టు నా మొహంలోకే చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"గురువారం తమ్ముడి షెడ్డులో దారం లాగాను. నీ టేపుతోనే కొలిచాను. మూడుసార్లు. ముప్పై ఒకటి, ఇరవై ఏడు."

నేను తన సైకిల్ని కారుకి ఆనించాను.

"వాడేమన్నాడో తెలుసా? తన చెయ్యి వణికి బావ చేత తప్పు లాగించానన్నాడు, అందుకే ఇనుము మళ్ళీ వెనక్కి వంగిందన్నాడు. నేను పడింది తన వల్లేనని గోడకి తల కొట్టుకున్నాడు. పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. నేను ఆపలేదు. నీ పేరు చెప్పలేదు. ముందు నీ నోటితో వినాలనుకున్నా."

"ఏం వినాలి?"

"తప్పు కొలిచానని ఒక్క మాట అను. కళ్ళు సరిగ్గా ఆనలేదు, వెలుతురు లేదు, తొందరలో చూశాను, ఏదో ఒకటి. నమ్ముతాను. ఆ కమ్మీ సంగతి కూడా అడగను. ఇద్దరం ఈ కారులోనే కిందికి వెళ్దాం. దారిలో వాడికి చెబుదాం, వాడి తప్పు లేదని."

ఎంత తేలిక. ఆరు అక్షరాలో ఏడక్షరాలో. వంటిళ్ళు చేసేవాళ్ళు రోజుకి పదిసార్లు అనే మాట. నేను నోరు తెరిచాను. వెలుతురు లేదు అందామనుకున్నాను. షెడ్డులో రెండు ట్యూబులైట్లున్నాయి. కళ్ళు అందామనుకున్నాను. పోయిన నెలే చూపించుకున్నాను, నా చూపుకేం తక్కువ లేదు. ఎడమ ముప్పై ఒకటి, కుడి ఇరవై ఏడు. నేను చూసిందీ అదే, తను చూసిందీ అదే. వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు కొలిచానని ఎలా అంటాను?

"నా కొలత తప్పదు" అన్నాను.

తను తల ఊపింది. మార్చి పద్నాలుగున ఊపినట్టు కాదు. సూది తీసేసి, దూది పెట్టి, తర్వాతి మనిషిని పిలిచేటప్పటిలా.

"వచ్చే ఆదివారం పందెం దీని మీదే తొక్కుతా" అంది నా సైకిలు ఎక్కుతూ. "ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వెళుతున్నా. ఇంటికి రాను. బట్టలకి నువ్వు లేనప్పుడు వస్తాను."

సీటు సర్దుకోనక్కర్లేకపోయింది.

మొదటి మలుపు ముందు గంట మోగించింది. ఆ తర్వాత రోడ్డు కాసేపు తిన్నగా ఉంటుంది. అక్కడ రెండు చేతులూ వదిలేసింది. కట్టు ఉన్న చెయ్యి, లేని చెయ్యి, రెండూ గాల్లోకి చాచింది. నా సైకిలు దారం పట్టి గీసినట్టు సూటిగా వెళ్ళింది. నేను వెనక నుంచి అరిచాను, ఏమని అరిచానో గుర్తు లేదు.

తనకి మూడుసార్లు ఫోను చేశాను. బావమరిదికి ఒకసారి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. వాడు ఎత్తి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఏమో.

తన సైకిలు కారుకి ఆనించి ఉంది. ఎంతసేపని అలా వదిలేస్తాను? డిక్కీ తీసి, సీట్లు పడుకోబెట్టి, ముందు చక్రం విప్పడానికి వంగాను. ఎందుకో విప్పకుండానే తోసి చూశాను. హ్యాండిల్‌తో సహా లోపలికి వెళ్ళిపోయింది, రెండు పక్కలా జానెడు ఖాళీ. ఒక్క సైకిలే అయితే ఏదీ విప్పనక్కర్లేదు. ఆ కొలత మాత్రం నేను తీసుకోలేదు.